అరచేతి లింగము - అరచేతి అద్దము



వీరశైవుని పూజకు గుడి అక్కరలేదు, గంట అక్కరలేదు, చూచువారు అంతకంటెను అక్కరలేదు. ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచుకొని, రెప్పలు సగము వాల్చి, చూపును దానియందు నిలుపుటయే ఆ పూజ. తలుపు మూసికొని చేసినను, చెరకు చేని గట్టుమీద కూర్చుండి చేసినను ఫలములో హెచ్చుతగ్గులు లేవు. ఇంతటి ఏకాంతమును పండితునికి మాత్రమే కాక చాకలికి, చర్మకారునికి, పడవ నడుపువానికి, స్త్రీకి సమానముగా అందించుట పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణములో బసవేశ్వరుడును ఆయన సహచరులును చేసిన మహాకార్యము.

నేడు మన ఇండ్లలో పదునాలుగేండ్ల పిల్లల అరచేతిలో మరియొక వస్తువు వెలుగుచున్నది. అదియు నల్లనిదే, నున్ననిదే. దానిని చూచునపుడును తల వంగియే యుండును. దూరమునుండి చూచిన ముసలివారికి ఇది కూడ ఒక పూజయే కాబోలునని తోచినను ఆశ్చర్యము లేదు. ఐతే లింగమును చూచువాడు తన్ను మరచుటకు చూచును. ఫోనును చూచువాడు తన్నెవరు చూచుచున్నారో తెలిసికొనుటకు చూచును. 2009లో ఫేసుబుక్కు సంస్థ 'లైకు' అనెడి మీటను ప్రవేశపెట్టిన నాటినుండి ఈ రెండవ చూపునకు ఒక లెక్క ఏర్పడినది. ఎందరు మెచ్చిరో అంకెలలో కనబడును. నిన్నటికంటె నేడు తగ్గినచో అదియు కనబడును. మనుష్యుని మనస్సునకు ఇంతటి కఠినమైన పద్దు పుస్తకము మునుపెన్నడును లేదు.

నిజామాబాదు పట్టణములో నలుగురు పెద్దలు కూడినను, బోధను వైపు ఒక పెండ్లి పందిరిలో పది మంది కలిసినను ఈ మాట రాక మానదు: పిల్లలు బయటికి పోవుట లేదు. మా కాలమున బెల్లాల్ చెరువులో ఈదితిమి, ఖిల్లా గుట్ట ఎక్కితిమి, సాగిపోవు బండినుండి చెరకుగడ లాగి దెబ్బలు తింటిమి, ఈనాటివారు గది దాటరు అందురు. మాటలో సత్యము లేకపోలేదు. ఐదు మొదలు పదునేడేండ్ల వయస్సువారు దినమునకు సగటున 60 నిమిషములు ఒడలు అలయునట్లు కదలవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పియున్నది. పదునారేండ్లు నిండనివారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు ఉండరాదను చట్టము ఆస్ట్రేలియా దేశములో 2025 డిసెంబరునుండి అమలునకు వచ్చినది. అనగా ఈ దిగులు మన గడపలకు మాత్రమే చెందినది కాదు.

కాని ఫిర్యాదు చేయు పెద్దలను ఒక మాట అడుగవలసియున్నది. మీరు చెప్పు 'బయట' ఎవరిది?

మన జిల్లాలో వేలాది స్త్రీలు చేటను ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచు బ్రతుకు వెళ్ళదీసిరి. బడినుండి వచ్చిన ఆడపిల్ల సంచి పడవేసి తల్లిప్రక్కన కూర్చుండి ఆకు కత్తిరించెను. బెల్లాల్ చెరువులో ఈదిన ముచ్చట చెప్పు తాతగారి చెల్లెలు ఏ చెరువులో ఈదినదో ఎవరును చెప్పరు. ఆమెకు ఫోను లేదు, ఐనను ఆమె బయటికి పోలేదు. కనుక పిల్లలను ఇంటిలో కట్టివేసినది ఫోనే అనుట చరిత్రకు సరిపడదు.

నిజామాబాదు కలెక్టరేటు మైదానమునకు తండ్రి వెంట పరుగు నేర్చుకొనుటకు వచ్చిన ఒక బాలిక, అన్ని ఆటలలో ఆడపిల్లలుండగా బాక్సింగులో మాత్రము ఎందుకు లేరని అడిగినదట. నిఖత్ జరీన్ ఈ సంగతి పలుమార్లు చెప్పియున్నది. నిక్కరు తొడిగి ఆడెడి ఆట ఆడపిల్లకు తగదని బంధువులు అనిరి. తండ్రి వినలేదు. ఆమె 2011లో జూనియరు ప్రపంచ విజేత, 2022లో ఇస్తాంబుల్ నగరమున, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయినది. ఆ తరువాత అనినవారే హారములు తెచ్చిరి. ఇదే జిల్లా సిరికొండ మండలము పాకాల గ్రామమున వ్యవసాయ కూలీల యింట పుట్టిన మాలావత్ పూర్ణ పదమూడేండ్ల పదకొండు మాసముల ప్రాయమున, 2014 మే 25న, ఎవరెస్టు శిఖరమున నిలిచినది. ఈ యిద్దరి కథలను మనము సభలలో గర్వముగా చెప్పుదుము. గర్వించుట తప్పు కాదు. కాని పతకము వచ్చిన పిమ్మట లభించు మెప్పు ఎంత చవుక! పతకము రాని నూరుగురు బాలికలు అదే మైదానమునుండి అవే మాటలు పడి మరలిపోయి యుందురు గదా. మెప్పునకు ముందు వారికి కావలసినది చోటు.

ఇక స్త్రీలకంటెను చోటు తక్కువైనవారు కలరు. మగపిల్లవాడుగా పుట్టి తాను ఆడపిల్లనని లోలోపల ఎరిగినవారు, ఆడపిల్లగా పెరిగి ఆ పేరు తనది కాదని బాధపడువారు, రెంటిలో దేనికిని చెందలేనివారు. వీరిని సంస్కృతమున తృతీయ ప్రకృతి యనిరి. నేడు ట్రాన్స్‌జెండరు అనుచున్నారు. మన వీధులలో పలుకు మాటలను ఈ పత్రికలో వ్రాయుటకు కలము ఒప్పదు. పిల్లవాని నడక కొంచెము మెత్తనైనచో 'ఆడంగి' యనుట, ఆడపిల్ల గట్టిగా మాటాడినచో 'మగరాయుడ'నుట మనకు పరిహాసమే. పరిహాసము పాలైన పిల్లవానికి బస్టాండు బయట కాదు, బడి మైదానము బయట కాదు. పదిమంది కన్నులు తన నడకను కొలుచు చోటది. వాడు గదిలో దాగి ఫోను తెరచినచో, తన వంటివారు లోకమున నున్నారని మొదటిసారి అక్కడనే తెలిసికొనును. తన స్థితికి ఒక పేరున్నదని, ఆ పేరు తిట్టు కాదని అక్కడనే చదువును. వానితో ఫోను పారవేసి బయటికి పొమ్మనుట నీళ్ళు లేని బావిని చూపి దాహము తీర్చుకొమ్మనుటయే.

ఈ బయలును వారికి మూసివేసినది వీధి మాత్రమే కాదు, రాజ్యము కూడ. 1919లో, అనగా 1329 ఫసలీలో, నిజాము ప్రభుత్వము ఒక చట్టము చేసెను. వీరి పేర్లను పట్టికలో వ్రాసి ఉంచవలెను. స్త్రీ వేషముతోనో నగలతోనో వీధిలో కనబడినను, బహిరంగ స్థలమున ఆడినను పాడినను వారంటు లేకుండ పట్టుకొనవచ్చును. రెండేండ్ల వరకు చెరసాల విధింపవచ్చును. గమనింపుడు: ఆ చట్టము శిక్షించినది దొంగతనమును కాదు, బయట కనబడుటను. హైదరాబాదు రాజ్యము పోయినను, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినను, తెలంగాణ వేరైనను ఆ కాగితము బీరువాలో చావక మిగిలెను. 2014 ఏప్రిల్ 15న సర్వోన్నత న్యాయస్థానము నల్సా వ్యాజ్యములో, తాను స్త్రీయో పురుషుడో తృతీయ ప్రకృతియో నిర్ణయించుకొను హక్కు ఆ మనిషికే కలదని తీర్పునిచ్చెను. (పూర్ణ ఎవరెస్టు ఎక్కుటకు సరిగా నలువది దినముల ముందు.) 2019లో పార్లమెంటు వీరి హక్కుల రక్షణకై చట్టము చేసెను. కాని 1919 నాటి చట్టము పోయినది 2023 జూలైలో మాత్రమే. వైజయంతి వసంత మొగ్లి మున్నగువారు వేసిన వ్యాజ్యముపై తెలంగాణ ఉన్నత న్యాయస్థానము అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసి, ఆసరా పింఛను వారికిని ఇవ్వవలెనని ఆదేశించెను. నూటనాలుగేండ్లు!

శరణ ధర్మము ఈ విషయమున ఏమనుచున్నది? తెలుగు భాషలో 'లింగము' అను పదమునకు రెండర్థములు కలవు. వ్యాకరణములోను, ఆసుపత్రి కాగితములోను అది స్త్రీ పురుష భేదము. మనకది పరశివ స్వరూపము. మన శాస్త్రమున 'అంగము' అనగా జీవుడు, 'లింగము' అనగా శివుడు. ఆ రెంటి సామరస్యమే సాధన. కనుక 'నీ లింగమేది?' అని ఒకడడిగినచో వీరశైవుడు మెడలోని కరడిగను చూపవలెనే కాని వేరొక జవాబు ఇవ్వనక్కరలేదు. ఇది చమత్కారమునకు చెప్పిన మాట కాదు. బసవన్నకు పూర్వుడైన జేడర దాసిమయ్య, నేతపని చేసి బ్రతికినవాడు, ఒంటి గుర్తులను చూచి లోకము స్త్రీయనియు పురుషుడనియు పేరు పెట్టునే కాని లోనున్న ఆత్మకు ఆ భేదము లేదని తన వచనములో ఎన్నడో తేల్చి చెప్పెను. శరణుడు సతి, లింగము పతి యను భావన మన షట్‌స్థల సాధనకు ప్రాణము. మీసముగల శరణులు తమను శివుని భార్యలుగా భావించి వచనములు చెప్పిరి. బసవన్న స్వయముగా తాను ఒకప్పుడు పురుషుడను, ఒకప్పుడు స్త్రీనని అర్థమిచ్చునట్లు పలికియున్నాడు. పాల్కురికి సోమనాథుడు తెలుగున బసవపురాణము వ్రాయుచు, శివునికి తల్లి లేదని జాలిపడి తానే తల్లియైన బెజ్జమహాదేవి కథను ఎంత మురిపెముగా చెప్పెను! భక్తుడు సతి కావచ్చును, తల్లి కావచ్చును. భక్తి లోకమున ఈ వావివరుసలు స్థిరముగా లేవు.

ఇంతటితో ఆగినచో మన పని సులువగును. ఆత్మకు భేదము లేదు కదా, మరి ఈ యువకులు 'నేను స్త్రీని', 'నేను పురుషుడను' అని శరీరముపై ఇంత పట్టుదల ఏల అని ప్రశ్నించి, దాసిమయ్య మాటను వారి నోరు మూయుటకు వాడుకొనవచ్చును. అట్లు వాడుకొనుట నేను విన్నాను కూడ. అది న్యాయము కాదని నా మతము. తన శరీరముతో తనకు తగవు లేనివానికి శరీరము అల్పమనుట సులభము. కడుపు నిండినవాడు ఆకలి మిథ్య యన్నట్లుండును. ఆత్మకు కులము లేదని మన పెద్దలు చెప్పిరి. అంతమాత్రమున హరళయ్య, మధువరసుల పిల్లల పెండ్లి సంగతి వచ్చినపుడు 'కులమే లేదు గనుక వివాహము మాట ఏల' అని శరణులు తప్పుకొనలేదు. చర్మకారుని కొడుకునకు బ్రాహ్మణుని కూతురు నిచ్చి వివాహము జరిపిరి. అందులకు కల్యాణము రక్తసిక్తమైనది. లోకము ఎక్కడ గాయపరచెనో అక్కడనే శరణులు మందు వేసిరి.

అక్కమహాదేవి వృత్తాంతమును ఈ దృష్టితో మరల చదువవలెను. రాజగృహమును, వస్త్రములను విడిచి, కేశములే ఆచ్ఛాదనముగా ఆమె కల్యాణమునకు వచ్చినది. అనుభవ మంటపమున శూన్య సింహాసనముపై అల్లమ ప్రభువు కూర్చుండి యుండెను. ఆయన ఆమెను వెంటనే పొగడలేదు, వెంటనే తరుమలేదు. వస్త్రము విడిచినదానవు, కేశములతో దేహమును దాచుకొనుట ఏల యని సూటిగా అడిగెను. ఆమె జవాబు చెప్పినది. మరల అడిగెను, మరల చెప్పినది. నిండు సభ ఆ సంవాదమును చివరివరకు వినెను. పిమ్మట వయస్సున చిన్నదైన ఆమెను పెద్దలందరు 'అక్క' యనిరి. సాంఘిక ఆమోదము అనునది ఇట్లుండవలెను. ఎదుట నిలిచి ప్రశ్నించువారు, జవాబు ముగియువరకు కూర్చుండువారు, ఒప్పుకొనిన తరువాత తోడబుట్టువువలె చూచువారు. శ్రీశైలమునకు కదళీవనమునకు ఆమె పోయినను ఆ 'అక్క' అను పిలుపు తొమ్మిది వందల ఏండ్లుగా ఆమెను విడువలేదు.

ఫోనులోని ఆమోదము వేరు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో అల్జీరియా బాక్సరు ఇమాన్ ఖెలీఫ్ ఒక పోటీని 46 క్షణములలో గెలిచినది. అంతలో ఆమె స్త్రీ కాదని ప్రపంచమంతట కేకలు పుట్టెను. ఏ క్రీడలో ఎవరు ఏ విభాగమున పాల్గొనవలెననునది క్రీడా సంస్థలు ఓపికగా తేల్చవలసిన చిక్కు ప్రశ్న. దానిపై రెండు వైపులా యోగ్యమైన వాదములు కలవు. ఆనాడు జరిగినది వాదము కాదు. ఆమెను ఎన్నడు చూడనివారు, బాక్సింగు నియమములు ఎరుగనివారు ఒక చిత్రమును చూచి ఆమె ఎవరో తీర్పు చెప్పిరి. నిఖత్ జరీన్ పాల్గొన్న ఒలింపిక్సే అవి. మన పిల్లలు ఈ తీర్పులను అదే అరచేతిలో చదివిరి. వారిలో రహస్యముగా బెదరినవారెందరో మనకు తెలియదు. నేడు లైకులు కురిపించిన గుంపు రేపు రాళ్ళు రువ్వగలదని పిల్లలకు చెప్పవలసినదే. ఐతే ముందుగా లైకులకంటె గట్టిదైన ఆదరణను ఇంటిలో చూపి పిమ్మట చెప్పవలెను.

బోధను ప్రాంతమునకు సంబంధించిన ఒక సంగతి నా మనస్సును వదలుట లేదు. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందినది, 2015 డిసెంబరులో మూతబడెను. చవుక ధరకు ఇంటర్నెట్టు నందించు జియో సేవ 2016 సెప్టెంబరులో వచ్చెను. రెంటి నడుమ తొమ్మిది మాసములు. ఒకటి రెండవదానికి కారణమని నేననను. కాని శక్కర్‌నగరు తండ్రికి 'ఫలానా విభాగపు ఫలానా పనివాడు' అని ఊరిలో గుర్తింపు నిచ్చిన కాయకము పోయినపుడు, కొడుకు గుర్తింపును వెదకుకొన్న చోటు ఫోనైనది. బసవన్న కాయకమును కూలికి మాత్రమే విధింపలేదు. పనిచేసినవాడు సంఘమునకు తన వంతు దాసోహము చేయును. సంఘము వానిని ఎరుగును. నులియ చందయ్య నార పేని త్రాళ్ళమ్మి, మేదర కేతయ్య వెదురు బుట్టలల్లి శరణులైరి. పని లేని చోట గుర్తింపు ఆకలి పెరుగును. ఆకలిగొన్నవాడు ఏది దొరకినను తినును.

ఈ విషయమున హైదరాబాదులో జరిగిన ఒక పని నాకు శరణ మార్గమునకు దగ్గరగా కనబడినది. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండరు వైద్యులు ప్రభుత్వ కొలువున చేరిరి. 2024 డిసెంబరులో నగర పోలీసుశాఖ 39 మంది ట్రాన్స్‌జెండరు వ్యక్తులను ట్రాఫిక్ సహాయకులుగా తీసికొనెను. ఏ కూడళ్ళ వద్ద వారి వంటివారిని చూచి కారు అద్దములు పైకెత్తుకొంటిరో, ఆ కూడళ్ళలోనే వారు చేయి చాపినచో వాహనములు ఆగినవి. ఎండలో, బయట, పదిమంది నడుమ, కాయకము చేయుచు. 1919 నాటి చట్టము వ్రాసినవారు అది చూచియుండిన ఏమనుకొనియుందురో!

తల్లిదండ్రుల భయమును నేను తేలికగా తీసిపారవేయుట లేదు. పదునాలుగేండ్ల బిడ్డ ఒక వీడియో చూచి ఒక మాట పట్టుకొనెనేమో, రెండేండ్లకు మారునేమో యని వారి అనుమానము. మారవచ్చును, మారకపోవచ్చును. రెండు విధములకును చేయవలసిన పని ఒక్కటే: తొందరపడక వినుట, యోగ్యుడైన వైద్యుని కలియుట, కొట్టకుండుట. తొందర యనగా శస్త్రచికిత్స తొందర యొక్కటే మన దృష్టికి వచ్చును. మన ఇండ్లలో అంతకంటె సాధారణమైన తొందర వేరు. 'పెండ్లి చేసిన అదే కుదురును' అని సంబంధము చూచెదము. దీనివలన కుదిరినవారిని నేను చూడలేదు. ఏ పాపము ఎరుగని మరియొక ఇంటి బిడ్డను తెచ్చి, ఆ రహస్యము ప్రక్కన పరుండబెట్టుట రెండు ప్రాణములను నలుపుటయే. పరువు కొరకు చేయు ఈ పని, పిల్లలు లైకుల కొరకు చేయు పనులకు ఏ విధముగా భిన్నమో పెద్దలు ఆలోచింపవలెను. నలుగురి మెప్పు ఆశించుటలో తండ్రి కొడుకుకంటె ఒక తరము ముందున్నాడు, అంతే.

కొంతకాలము క్రిందట చెరకు ప్రాంతపు పల్లెనుండి ఒక తల్లి వచ్చి, నలుగురు లేచిపోయిన తరువాత మెల్లగా ఒక ప్రశ్న అడిగినది. 'అయ్యగారూ, వానికి చిన్ననాడే లింగధారణ అయినది. ఇప్పుడు ఆడపిల్లనంటున్నాడు, పేరు కూడ మార్చుకొన్నాడు. ఆ లింగము ఇంక చెల్లునా? తీసివేయవలెనందురు మా వాళ్ళు.' ఆమె కన్నులలో నీరు లేదు. బహుశః అంతకు ముందే అయిపోయి యుండును.

ఆమెకు చెప్పినదే ఇక్కడ వ్రాయుచున్నాను. ఈ ప్రశ్న మరికొన్ని ఇండ్లలో ఉండవచ్చును గనుక. ఉపనయనము తనకే కాని అక్క నాగలాంబికకు లేదనగా ఆ జందెమునే బసవన్న నిరాకరించెనని మన సంప్రదాయము. ఆయన మార్గమున ఇచ్చు దీక్షలో మగవానికొక లింగము, ఆడుదానికొక లింగము అను విభాగము లేదు. గర్భములోని శిశువు ఆడయో మగయో తెలియకముందే ఎనిమిదవ మాసమున తల్లి ద్వారా లింగధారణ జరుపు ఆచారము కలదు. పంచసూతకములను త్రోసివేసిన ధర్మమునకు పేరు మార్పు సూతకము కానేరదు. ప్రాణము పోయినపుడు కూర్చుండబెట్టి సమాధి చేయు విధియు, అరచేత ఇష్టలింగము నుంచు విధియు ఇద్దరికి ఒక్కటే. కనుక మరల దీక్ష అక్కరలేదు, తీసివేయు ప్రసక్తియే లేదు. ఆధారు కార్డులో మార్పించవలసినది మార్పించవచ్చును. కరడిగలో మార్పించవలసినదేమియు లేదు.

ఆమె లేచి, 'మరి బసవ జయంతి ఊరేగింపులో ఆడవారి వరుసలో నడువవచ్చునా?' అని అడిగినది. నడువవచ్చునని చెప్పితిని. ఆ వరుసలో ముందు నిలుచువారు, వెనుక నిలుచువారు ఎవరైనను ఆ దినమున ప్రక్కకు జరుగకుండ నడచుట మన సంఘపు స్త్రీల చేతిలో నున్నది. రాబోవు అక్షయ తృతీయకు ముందే మహిళా సంఘమువారు ఒకసారి కూర్చుండి ఆ మాట ఆడుకొనవలెనని కోరుచున్నాను.